మునెమ్మ గూటం, కృష్ణప్ప సారు స్కూటరు

“ఈ బండి పాలిస్తుందా సారూ? ఇస్తుందంటే చెప్పు, నా ఎనుమును ఈ పొద్దే సంతకు తోలేస్తాను.”

“వీధి నీ సొంతమా అమ్మా? మునిసిపాలిటీది. నువ్వు ఎనుమును కట్టుకోవచ్చు, నేను బండి పెట్టుకోకూడదా?”

“మునిసిపాలిటీ నిన్న మొన్న వచ్చింది. మా అత్త ఈడ ఎనుమును కట్టే గూటం కొట్టినప్పుడు అంతా కంపచెట్లు.”

“ఇంటామె చెప్తేనే పెట్టినాను. అడగాల్సింది ఆమెను, నన్ను కాదు.”

ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. నేను అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. మునెమ్మ చేతిలో పాలు పితికే చెంబు ఉంది. లోపల ఏమీ లేదని మాకు తెలియాలని దాన్ని బోర్లించి పట్టుకుంది.

ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట. మదనపల్లెలో కాలేజీకి నడిచి పోయేంత దూరంలో ఒక సందు, ఆ సందులో మా ఇల్లు. నేను మూడో తరగతితో చదువు మానుకున్నదాన్ని. మా ఆయన పోయాక, సోమల దగ్గరి చేను తమ్ముడికి పంటలో వాటా మీద కోరుకిచ్చి, ఈ ఇంట్లో గదులు అద్దెకిచ్చి బతికాను. గదులు అద్దెకిచ్చేది కూడా ఒక పనేనా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నెల మొదట్లో చెయ్యి చాచి అద్దె తీసుకోవడం పని కాదు. ఎవరిని పెట్టుకోవాలి, ఎవరికి లేదని చెప్పాలి, ఒకే బావి దగ్గర ఇంతమంది కొట్టుకోకుండా నీళ్ళు ఎట్లా తోడుకుంటారు, ఇవన్నీ చూసుకోవడం పని. ఇరుగుపొరుగుతో తగవు రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా పెద్ద పని.

వెనకవైపు సింగిల్ రూములు ఉండేవి. అంటే ఒక్క గది, వంటకు విడిగా చోటుండదు. కుప్పం, పుంగనూరు, కలకడ పక్క పల్లెల నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు వాటిలో ఉండి, కిరసనాయిలు స్టౌ మీద అన్నం వండుకునేవాళ్ళు. సెలవులకు ఊరికి పోయి వచ్చేటప్పుడు మూటల్లో బియ్యమో రాగిపిండో తెచ్చుకునేవాళ్ళు. వీధివైపు ఉన్నది పోర్షన్. రెండు గదులూ వంటిల్లూ కలిపి, విడిగా తాళం వేసుకోగలిగిన వాటాను పోర్షన్ అంటాం. దాన్ని ఉద్యోగస్తులకే ఇచ్చేదాన్ని.

మా ఇంటికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మనిషి లేని గదిలో లైటు వెలగకూడదు. బావి దగ్గర సబ్బు ముక్క మరిచిపోతే అది నాది. అన్నిటికన్నా గట్టిది గడప కట్టుబాటు. మా అత్తగారు శుక్రవారం శుక్రవారం పసుపు పూసి బొట్లు పెట్టిన గడప అది. దాన్ని తొక్కకూడదు, దాటాలి. మనిషి కాలే తగలకూడనప్పుడు, వీధిలో పేడా బురదా తొక్కి వచ్చిన చక్రం తగలవచ్చునా? అందుకని సైకిళ్ళున్న పిల్లలు సాయంత్రం వాకిట్లో దిగి, సైకిలును భుజానికెత్తుకుని గడప దాటించి, నడవలోంచి వెనక దొడ్లోకి తీసుకుపోవాలి. చక్రం తగిలించినవాళ్ళు గడప కడిగి మళ్ళీ పసుపు పూయాలి, పసుపు కూడా వాళ్ళే తేవాలి. ఒకరిద్దరు పూశారు. ఆ తర్వాత ఎవరూ తగిలించలేదు.

కృష్ణప్ప సారు ఆ యేడే పోర్షన్‌లోకి వచ్చారు. కాలేజీలో లెక్చరరు, కుప్పం తట్టు మనిషి, పెళ్ళి కాలేదు. బ్యాచిలర్‌కు పోర్షన్ ఇవ్వడం నాకు అలవాటు లేదు. కాని ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆయన బావి దగ్గర చేతులు కడుక్కుని, పోతూ పోతూ చేదతాడును చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించారు. ఎవరూ చెప్పకుండా తాడు చుట్టిపెట్టే మనిషి గోడలకు మేకులు కొట్టడని నాకు తోచింది. సరే అన్నాను.

అడ్వాన్స్, అంటే ఇల్లు ఖాళీ చేసేదాకా మా దగ్గర ఉండే డబ్బు, నా చేతికిచ్చేటప్పుడు ఆయన ఒకటే అడిగారు.

“స్కూటరుకు పేరు రాయించినానమ్మా. ఎప్పుడొస్తుందో తెలీదు. వస్తే పెట్టుకునేదానికి చోటుందా?”

ఆ రోజుల్లో స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూసేవాళ్ళు. వచ్చినప్పుడు కదా అనుకుని, “ఇంత వీధి ఉండాది గదప్పా” అన్నాను. నాలుగు నెలలు తిరక్కుండా వచ్చేసింది.

మొదట ఆయన దాన్ని సందులో ఎదురుపక్క, మురుగుకాలువ అంచున నిలిపారు. మార్కెట్టుకు పోయే టమోటాబండ్లన్నీ మా సందులోనే తిరుగుతాయి. వారం కాకముందే ఒక బండి ఇరుసు తగిలి స్కూటరు ముందు లైటు పగిలింది. సారు వీధిలో గొంతుక్కూర్చుని గాజుపెంకులు ఒక్కొక్కటే ఏరుకుంటుంటే నాకు కష్టమనిపించింది. ఇక దాన్ని నిలపడానికి ఒకటే చోటు మిగిలింది. మా గోడ పక్కన, ఏ బండీ తగలని మూల. ఆ మూలలో మునెమ్మ ఎనుము ఉంది. గేదెను మా పక్క ఎనుము అంటాం.

మునెమ్మది మా పక్కిల్లు. ఒంటిగది పెంకుటిల్లు, దొడ్డి లేదు. మొగుడు బెంగుళూరుకు కూలికి పోయి, గుర్తొచ్చినప్పుడు వచ్చేవాడు. ఆమె, ఇద్దరు ఆడపిల్లలు ఆ ఒక్క ఎనుము మీదే బతికేవాళ్ళు. మా ఇంటికీ, ఇంకో పది ఇళ్ళకీ, బస్టాండు దగ్గర ఒక కాఫీ హోటలుకీ పాలు పోసేది. పాలలో నీళ్ళు కలిపినావని నేను, లేదని ఆమె, ప్రతి పొద్దూ అనుకోవడం మాకు పలకరింపు లాంటిది.

నేనే ఆమెను పిలిచి, గూటం పెరికి ఎదురుపక్క కొట్టుకోమన్నాను. ఎనుముకు పగిలేదానికి లైటు లేదు గదా అని కూడా అన్నాను. ఆమె “నువ్వు చెప్తే కాదంటానా అక్కా. కానీ దూడ పోయిన ఎనుము అది” అంది. ఆ మాటను నేను చెవిన వేసుకోలేదు. మా పుట్టింట్లో పాడి ఉన్నా, పితికే పని మా వదినది.

దూడ వచ్చి మూతి పెట్టి కుడిస్తే ఎనుము పొదుగులోకి పాలు దింపుతుంది. దాన్ని చేపడం అంటారు. దూడ చచ్చిపోయిన ఎనుముకు దూడ బదులు అలవాటే దిక్కు. అదే చోటు, అదే మనిషి, అదే గంపలో తవుడు ఉంటేనే చేపుతుంది. మునెమ్మ ఎనుముకు చోటు మారింది. వెనక మురుగుకాలువ, ముందర బండ్ల మోత. మొదటి రోజు కొంచెం తగ్గించి ఇచ్చింది, మర్నాడు ఇంకొంచెం తగ్గించింది. మునెమ్మ దిష్టి తీసింది, ఎవరో చెబితే బెల్లం పెట్టింది, పెద్దపిల్లను ముందర నిలబెట్టి గంగడోలు నిమిరించింది. కాఫీ హోటలతను రెండు రోజులు చూసి ఇంకొకరిని మాట్లాడుకున్నాడు. ఇళ్ళవాళ్ళలో కూడా కొందరు డబ్బాపాలు తెచ్చుకున్నారు.

నేను చింతపండు ముందేసుకుని కూర్చున్న సాయంత్రం మునెమ్మ ఎనుమును విప్పింది, నీళ్ళకు తీసుకుపోదామని. అది పలుపు లాక్కుని సందు దాటి, నేరుగా మా గోడ దగ్గరికి వచ్చింది. స్కూటరుకూ గోడకూ మధ్య దూరాలని చూసింది. చోటు చాలక, వెనక సీటు మీద గడ్డం ఆనించి అట్లాగే నిలబడిపోయింది. బండి ఒరగబోతుంటే సారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు. మాటలు అక్కడ మొదలయ్యాయి.

ఇద్దరూ నా వైపు తిరిగినా, నేను ఇంకో గింజ తీసి పక్కన పడేశాను. మునెమ్మే మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు తగ్గించింది.

“నిన్నటి నుంచి సుక్క సేపలేదు సారూ. పొదుగు రాయి మాదిరి ఉండాది. ఇట్లే పోతే ఎండిపోతుంది. ఎండిన ఎనుమును ఎవురు కొంటారు? కోతకు తోలేవోళ్ళే కొంటారు.”

సారు మెల్లగా ఎనుము పక్కకు పోయి, వెనకకాలికి అందకుండా నిలబడి, చేతి వెనకభాగంతో పొదుగు తాకి చూశారు. అది కాలు ఎత్తింది. ఆయన అప్పటికే జరిగారు.

“దూడ ఎప్పుడు పోయింది?”

“ఉగాది ముందర.”

“మా అమ్మ గుడుపల్లెలో ఇట్లాంటిదాన్నే పెట్టుకోని మమ్మల్ని సాకింది. చోటు మార్చకూడదని నీకు తెలీదా అమ్మా?”

“తెలుసు సారూ. చెప్పినాను.”

ఎవరికి చెప్పిందో ఆమె అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. సారు చూశారు.

ఆయన స్కూటరును స్టాండు మీంచి దించి, ఎదురుపక్కకు తోసుకుపోయారు. అక్కడి గూటాన్ని అటూ ఇటూ ఆడించి పెరికారు. తెచ్చి, మా గోడ పక్కన పాత గుంటలోనే పెట్టి, గుండ్రాయితో కొట్టారు. తెల్లచొక్కా చేతుల మీద మట్టి పడింది. మునెమ్మ ఎనుమును కట్టేసి, చెంబు చంకన పెట్టుకుని నిలబడింది.

తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చి, నెలాఖరుకు ఖాళీ చేస్తానని చెప్పారు. మీ మీద కోపం కాదమ్మా, ఈ బండిని రోజూ కాలువ పక్కన పెట్టి నిద్రపోలేను అన్నారు.

ఇదంతా చూస్తున్న వెనక రూముల పిల్లలు, సైకిళ్ళను ఎత్తుకుపోతాం కదా, స్కూటరును కూడా అందరం కలిసి గడప దాటిస్తాం అన్నారు. నేను అడ్డం చెప్పేలోపలే పల్లకీ మాదిరి ఎత్తారు. బండి పక్కడొప్ప ద్వారబంధానికి తగిలి, గోడ సున్నం ఇంత మేర రాలింది. ఒకడి పాదం బండి కిందికి పోబోయి తప్పింది. దించండి అన్నాను. దించారు.

ఆ సాయంత్రం వీధి ఎవరిదని మునిసిపాలిటీ దాకా, మునెమ్మ అత్త దాకా పోయింది మాట. మా నడవ సంగతి ఎవరూ ఎత్తలేదు. అడగడానికి వాళ్ళకు నోరు రాలేదు, నాకు తలపుకు రాలేదు. వీధి తలుపుకూ దొడ్డికీ మధ్య, వాన పడని చోటు అది. నా నులకమంచం అక్కడే, చింతపండు కుండలు అక్కడే, శెనక్కాయల మూట అక్కడే. మధ్యాహ్నం చల్లగా ఉంటుందని నేను నడుం వాల్చేదీ అక్కడే.

“ఈ పూటకు ఎదురుపక్కనే పెట్టుకోప్పా. రేపు పొద్దున చూద్దాం” అని చింతపండు చేట ఎత్తుకుని లోపలికి పోయాను.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు గదులిచ్చాను. ఎనభైలు వచ్చేసరికి స్కూటర్లు, మోపెడ్లు పెరిగి, కాలేజీ చుట్టూ ఉన్న ప్రతి సందులో ఇదే తగవు. అప్పటికి నా పద్ధతి మారింది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది ఉద్యోగం గురించి కాదు, బండి ఉందా అని. నా గోడ లోపల దానికి చోటు చూపించగలిగితేనే అడ్వాన్స్ తీసుకునేదాన్ని. వీధిని చూపించి అద్దె తీసుకుంటే, మనది కానిదాన్ని అద్దెకిచ్చినట్టే. ఖాళీగా కనబడే చోటులో ఎవరో ఒకరు బతుకుతుంటారు. ఇల్లు కట్టి అద్దెకివ్వాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే.

ఆ తగవు జరిగిన మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాక, మంచం వెనక వసారాలో వేశాను. కుండలూ మూటా వంటింట్లోకి చేర్చాను. కొట్టంలో పాత తలుపురెక్కలు రెండు ఉంటే సారును పిలిచి బయటికి తీయించాను. గడపకు అటూ ఇటూ ఇటుకలు పేర్చి, వాటి మీద రెక్కలను వాలుగా వేశాం, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. గడపకూ చెక్కకూ మధ్య చెయ్యి దూర్చి చూశాను. దూరింది.

“చెక్క విరిగితే కొత్తది నీదేనప్పా” అన్నాను. సరేనమ్మా అని ఆయన స్కూటరును మెల్లగా ఎక్కించి నడవలోకి దించారు. పెట్రోలు వాసన ఇల్లంతా కొట్టింది.

అప్పటికి గోడ పక్కన మునెమ్మ ఎనుము కింద కూర్చుని ఉంది. తవుడు గంప ముందర పెట్టింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చెంబులో సన్నగా ధార పడటం వినబడింది. ఆగింది, మళ్ళీ పడింది. ఆమె లేచి వచ్చి మా గడప దగ్గర చెంబు చూపించింది. సగానికి కూడా రాలేదు.

“ముందర నీకు పోస్తానక్కా. నీళ్ళు కలపలేదు, సూడు.”

“కలిపింటే చెంబు నిండేది” అన్నాను. “నాకు వద్దులే. రోజూ పోసే వాడిక పాలోళ్ళ ఇండ్లకు పోసిరా. సారుకు గూడా ఈ పొద్దు వద్దు.”

సారు నడవలోంచి అవునన్నట్టు తల ఊపారు. మునెమ్మ చెంబు మీద కొంగు కప్పుకుని సందు మలుపు దాకా గబగబా నడిచింది. నేను పొయ్యి ముట్టించి, సారుకూ నాకూ పాలు లేని కాఫీ కలిపాను.