అరచేతి కింద టార్చి

ఐదో తరగతితోనే బడికి దండం పెట్టి, ఉసూర్ సంతలో కోడిగుడ్లు అమ్ముకునే మనిషిని నేను. మా పాపకు ఆరు నెలలప్పుడు రెండు రోజులు ఒకటే వాంతులు, విరేచనాలు. దవాఖానలో నర్సమ్మ నాలుగు చోట్ల గుచ్చినా నరం దొరకలేదు. వానకు బీజాపూర్ పెద్ద దవాఖానకు పోయే రోడ్డు బంద్. సెలైన్ ఎక్కకపోతే పిల్ల దక్కదన్నది.

నిద్రలేక నా బుర్ర మొద్దుబారింది. “దీదీ, గుడ్డు చెడిందో లేదో చూసేతందుకు కింద టార్చి పెడతం. పాప చెయ్యి కింద గూడ పెడదామా?” అన్న.

“ఏందయ్యా, ఇది పిల్లనా, గుడ్డా?” అని ఆమె విసుక్కున్నది.

“ఇప్పుడు గూడ నీ పరాచికాలేనా?” అని నా భార్య ఏడ్చింది. ఊరందర్ని ఆటపట్టించే నోరు నాది, నిజం చెప్తే ఎవరు నమ్ముతరు?

కిటికీ మూసి, పాప అరచేతి కింద టార్చి వెలిగించిన. చెయ్యంతా ఎర్రగ వెలిగింది. మధ్యల సన్నగ ఒక నల్లటి గీత కనపడ్డది.

“కదలకు భయ్యా!” అని నర్సమ్మ అక్కడే గుచ్చింది. సెలైన్ బొట్టు బొట్టుగ దిగింది.

తోలు, కండ దాటిపోయే వెలుగు నెత్తురు కాడ ఆగుతదని, అందుకే నరం నల్లగ కనపడ్డదని నర్సమ్మ తర్వాత చెప్పింది. పాపకిప్పుడు తొమ్మిదేండ్లు. నా జోకులకు నవ్వనిది ఇంట్ల అదొక్కతే. నవ్వకపోతే పాయె, ఎదురుంగ కూసొని మొఖం ముడుచుకుంటే చాలు నాకు.