సి సెక్షన్‌లో సాక్ష్యాలు

1978 జూన్‌లో నన్ను బందరులోని ఒక ఉన్నత పాఠశాలకు బి.ఇడి. అసిస్టెంటుగా బదిలీ చేశారు. పై తరగతులకు పాఠాలు చెప్పే పట్టభద్ర ఉపాధ్యాయుల హోదా అది. నాకు పదో తరగతి సి సెక్షన్‌ను, సైన్సును అప్పగించారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది గిలకలదిండి రేవు నుంచి, చిలకలపూడి నగల పనివారి ఇళ్ల నుంచి వచ్చేవారు. అర్ధసంవత్సర పరీక్ష తప్పినవారిని పబ్లిక్ పరీక్షకు పంపకుండా ఆపేయడం మా బడి ఆనవాయితీ. ఆగినవారు మళ్లీ బడికి వచ్చేవారు కాదు.

దేవుడు నాకు అప్పగించిన పిల్లలు వీరే అనుకున్నాను. నేను చర్చిలో పెరిగినదాన్ని. అక్కడ కీర్తనలను ఉత్తర ప్రత్యుత్తరంగా చదువుతాం. కాపరి, అంటే పాస్టరు గారు, ఒక వచనం చదివితే సంఘమంతా తర్వాతి వచనం అందుకుంటుంది. పాఠాలూ అలాగే చదివించాను. ఈ సంగతి విని, ఆ సెక్షన్‌లో చదివే నాంచారమ్మ తల్లి బడికే వచ్చింది. ఆవిడ రేవులో చేపల వేలం పాడేది.

"ఏంటి మేడం గారూ, మా పిల్లని మీ మతంలో కలిపేసుకుంటున్నారా?"

సైన్సు పుస్తకం చూపించాను.

"అయితే సరేనండి. పరీక్ష పోయిందంటే మాత్రం వలలు బాగుచెయ్యడానికి కూర్చోబెట్టేస్తా."

డిసెంబరులో సెక్షన్ దాదాపు మొత్తం తప్పింది, నాంచారమ్మతో సహా. "భజనలో ఎవరి గొంతు ఎవరిదో తెలుస్తుందా అమ్మా?" అన్నారు ప్రధానోపాధ్యాయులు. ఆయన మాట నిజమే. బతిమాలగా, జనవరి ఆఖరులో తానే వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తానని, జవాబు చెప్పినవారిని పంపుతానని ఒప్పుకున్నారు.

ఆ రాత్రి ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించాను. మా ఆరాధనలో ఇంకో పద్ధతి కూడా ఉంది. సాక్ష్యం చెప్పే విశ్వాసి ఒంటరిగా లేచి, తన జీవితంలో జరిగినదాన్ని సొంత మాటల్లో చెబుతాడు. మర్నాటి నుంచి కలిసి చదవడం అయ్యాక, ప్రతి విద్యార్థీ లేచి ఆ పాఠాన్ని తాను చూసినదానితో చెప్పాలన్నాను.

"ఒక్కదాన్నే అంటే నోరు ఎండిపోద్దండి," అంది నాంచారమ్మ.

"మీ అమ్మ వేలం పాడినట్టు చెప్పు."

"అమ్మ పాడితే చేపలు అమ్ముడుపోతాయండి. నేను పాడితే ఏం అమ్ముడుపోద్ది?"

తరగతంతా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆమె నోరు పెగిలింది.

జనవరి ఆఖరులో ప్రధానోపాధ్యాయులు వచ్చి కూర్చున్నారు. నాంచారమ్మను ప్లవన సూత్రం అడిగారు.

"సూత్రం తర్వాత చెప్తానండి. ముందు మా పడవ సంగతి వినండి. సరుకు నిండిన పడవ మంచినీళ్లలో ఎక్కువ దిగుద్ది, సముద్రంలోకెళ్తే కాస్త పైకి లేస్తది. ఉప్పునీరు బరువు కదండీ, కొంచెం తోసినా సరిపోద్ది." తర్వాత సూత్రం తప్పు లేకుండా చెప్పింది.

"మరి ఇనప మేకు మునుగుతుంది, ఇనప ఓడ మునగదేం?"

"మేకు తన బరువుకు సరిపడా నీళ్లు తొయ్యలేదండి. ఓడ బోలుగా ఉంటది కాబట్టి తోస్తది. చిల్లు పడితే అదీ మేకేనండి."

ఆయన పగలబడి నవ్వారు. మిగతావారినీ అడిగారు. తడబడినవారు ఉన్నారు గానీ నోరు మెదపనివారు లేరు. సెక్షన్ మొత్తాన్నీ పరీక్షకు పంపారు. కొందరు తప్పారు, ఎక్కువమంది గట్టెక్కారు. నాంచారమ్మకు సైన్సులో బడి మొత్తానికి మొదటి మార్కు వచ్చింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని దేవుని ఎదుట దాచుకోను.

కలిసి చదివితే భయం పోతుంది. పాఠం వచ్చిందో లేదో ఒంటరిగా నిలబడి చెప్పినప్పుడే తెలుస్తుంది. రెండూ కావాలి, ఆ వరుసలోనే కావాలి. పదవీ విరమణ దాకా నేను ఆ వరుస మార్చలేదు.