రెండు వరుసల గిన్నెలు

కుక్కల శరణాలయంలో వంట చేసే ఆవిడను అందరూ గరిటెక్క అనేవారు. ఎవరైనా పిలిస్తే చేతిలో గరిటెతోనే బయటికి వచ్చేది కనుక ఆ పేరు పడిపోయింది. అంతకుముందు పన్నెండేళ్లు ఆమె ఒక ఆసుపత్రి వంటింట్లో రోగులకు పథ్యం వండింది. ఉప్పు తినకూడని వాళ్లకు ఉప్పు లేకుండా, నమలలేని వాళ్లకు మెత్తగా, ఒక్కో పళ్లెం తూచి పంపేది. ఆసుపత్రి వాళ్లు వంటపని బయటివాళ్లకు అప్పగించేసరికి ఆ ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండానే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజూ బస్సు తిప్పే దారిలో ఒక గేటుకు వంటమనిషి కావాలని రాసిన అట్టముక్క చూసి వచ్చి చెప్పాడు.

"ఎంతమందికి వండాలట?" అని అడిగింది.

"మందికి కాదే, కుక్కలకి. పెట్టింది తింటాయి, వంకలు పెట్టవు. నాకంటే నయం."

"మీకంటే ఎవరైనా నయమే," అంది గాని, మర్నాడే వెళ్లి చేరిపోయింది.

ఆ శరణాలయం ఒకప్పటి గిడ్డంగి. మధ్యలో పొడుగాటి నడవ, దానికి అటు పది, ఇటు పది గదులు, తలుపులకు ఇనుప జాలీ, నడవ చివర వంటగది. కాపలా ఉద్యోగం చేసి ముసలివైనవి, ఇల్లు మారుతూ యజమానులు వదిలేసినవి, రోడ్డు మీద బండి కింద పడి బతికి బయటపడ్డవి, అన్నీ కలిపి పంతొమ్మిది ఉండేవి. గరిటెక్క పొద్దున ఏడింటికల్లా పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టేది. కోడిమాంసం, బియ్యం, గుమ్మడి ముక్కలు, క్యారెట్లు. ఉల్లిపాయ కుక్కలకు పడదని చేరిన మొదటి వారంలోనే తెలుసుకుంది, దాన్ని ఆ వంటగది గడప దాటనివ్వలేదు. ఉడికిన ఎముక విరిగి గొంతులో గుచ్చుకుంటుందని ఎవరో చెప్పాక, మాంసం చల్లారాక వేళ్లతో తడిమి తడిమి ఒక్క పుల్ల కూడా మిగలకుండా ఏరి పారేసేది. గిన్నెలు మోగితే చాలు, నడవంతా తోకలు తలుపులకు కొట్టుకునేవి. అందులో ఒకటి మెడ పైకెత్తి బూర ఊదినట్టు కూసేది. దానికి సింగినాదం అని పేరు పెట్టింది ఆమే. పళ్లన్నీ ఊడిపోయిన ముసలి ఆడకుక్క ఒకటి గిన్నె పెట్టి మనిషి నాలుగడుగులు వెనక్కి వేస్తే గాని మూతి పెట్టేది కాదు. అది దొరసాని.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి. అప్పుడు పాత పశువుల డాక్టరు పని మానేసి, ఆయన చోటికి ఒక డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మాట మెత్తన, పని కచ్చితం. వచ్చిన మూడో వారం మేనేజరు గదిలోకి గరిటెక్కను పిలిపించారు. బల్ల మీద ఒక సంచి విప్పి ఉంది. అందులో గోధుమరంగు గుళికలు.

"అక్కా, వచ్చే నెల నుంచి అన్నిటికీ ఇవే పెడదామనుకుంటున్నాం," అంది డాక్టరమ్మ. "వీటిని కిబుల్ అంటారు. కుక్కకి ఏం కావాలో అన్నీ లెక్క ప్రకారం కలిపి చేస్తారు. పాడవవు. రోజుకోలా ఉండవు."

గరిటెక్క ఒక గుళిక తీసి గోటితో నొక్కి చూసింది. ఎంతకీ దిగలేదు.

"ఇది తిండా, గులకరాయా? మీరే చెప్పండి డాక్టరమ్మా. వేడివేడిగా వండింది మానేసి ఎప్పుడో మిషన్లో ఎండబెట్టింది పెడతారా? వాటికి నోరు లేదనేగా!"

"అమ్మా, నీ ఉద్యోగానికేం ఢోకా లేదు," అని మేనేజరు మధ్యలో వచ్చాడు.

"ఉద్యోగం గురించి ఎవరడిగారు సార్?" అని ఆమె ఒంటికాలి మీద లేచింది. "ఆ దొరసానికి నోట్లో ఒక్క పన్ను లేదు. దేంతో నములుతుంది?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. "సరే, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. మూడు నెలలు కొలిచి చూద్దాం," అంది. ఎడమ వరుసకు గుళికలు, కుడి వరుసకు వంట. దొరసాని గదీ ఎడమ వరుసలోనే ఉంది. సోమవారం సోమవారం అన్నిటినీ తూకం వేయాలి. ఏది ఎంత తిన్నది, విరేచనం ఎలా అయింది, ఒళ్లు ఎలా ఉంది, ఒక పుస్తకంలో రాయాలి. డాక్టరమ్మ వారానికి రెండుసార్లే వస్తుంది కాబట్టి రాయాల్సింది గరిటెక్కే.

"నా చేత్తో నేనే రాస్తే నా వైపే రాసుకుంటానేమో?" అంది ఆమె.

"మీరు అలా రాయరు," అంది డాక్టరమ్మ. ఆ మాటతో గరిటెక్క పుస్తకం అందుకుని లేచింది.

మొదటి వారంలోనే ఎవరో పెట్టెలో పెట్టి ఒక కుక్కపిల్లను గేటు దగ్గర వదిలేసి పోయారు. రెండున్నర నెలల పిల్ల. పాదాలు చూస్తే బాగా ఎదిగే జాతిలా ఉంది. కుడి వరుసలో గది ఖాళీగా ఉంటే అందులో ఉంచారు. బుడంకాయలా గుండ్రంగా ఉందని గరిటెక్క బుడంకాయ్ అని పిలిచింది. మాంసంలో మెత్తటి ముక్కలన్నీ దాని గిన్నెలోకే వెళ్లేవి.

ఎడమ వరుసలో మొదటి నాలుగు రోజులు పెద్ద గొడవే అయింది. ఎదురుగా ఉడికిన మాంసం వాసన, తమ గిన్నెలో గుళికలు. కొన్ని వాసన చూసి తల తిప్పేశాయి. తర్వాత ఆకలికి లొంగి తినసాగాయి. సింగినాదం మాత్రం లొంగలేదు. గిన్నెను ముక్కుతో తోసేసి, కుడి వైపు చూస్తూ ఊదడం మొదలుపెట్టింది. ఐదో రోజు గరిటెక్క ఇటూ అటూ చూసి, మాంసం ఉడికిన నీళ్లు రెండు గరిటెలు దాని గుళికల మీద పోసింది. అది గిన్నె నాకి నాకి తళతళలాడించింది. ఆరో రోజూ పోసింది. పుస్తకంలో మాత్రం "తిన్నది" అని ఒక్క మాట రాసింది.

నెల తిరిగేసరికి ఆమె అనుకున్నట్టు ఎడమ వరుస చిక్కిపోలేదు, లావెక్కింది. ఒకదానికి నడుము ఎక్కడుందో తెలియడం లేదు. గరిటెక్క లోలోపల సంబరపడింది. "చూశారా, ఊబకాయం తెచ్చిపెట్టే తిండి," అని డాక్టరమ్మతో అంది.

డాక్టరమ్మ ఒక గిన్నె తెప్పించి, "రోజూ ఎంత పోస్తున్నారక్కా?" అని అడిగింది.

"గిన్నె నిండా. వంట పెట్టేదీ అంతేగా."

"వంటలో ముప్పాతిక వంతు నీళ్లే ఉంటాయి. ఇందులో నీళ్లు లేవు. ఇదే గిన్నె నిండితే రెండు పూటల తిండి కంటే ఎక్కువ. సంచి మీద ఏ బరువు కుక్కకి ఎంతో రాసి ఉంది."

గరిటెక్క సంచి తిప్పి చూసింది. నిజమే, పట్టిక ఉంది. పన్నెండేళ్లు గ్రాముల లెక్కన పళ్లేలు పంపిన మనిషికి తల కొట్టేసినట్టయింది. కుక్కల దగ్గరికి వచ్చాక తూకం మానేసి కంటి కొలతకు ఎప్పుడు అలవాటు పడిందో ఆమెకే గుర్తు లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అటక మీద నుంచి పాత తూకం మిషను దించింది. "ఇవాళ్టి నుంచి నాకూ తూచే పెడతావా ఏంటి?" అని భర్త భయం నటించాడు. ఆమె నవ్వలేదు.

తొమ్మిదో వారం బుడంకాయ్ కుంటింది. ముందురోజు దాకా జాలీ మీదికి ఎగబడిన పిల్ల, గిన్నె మోగినా లేవలేదు. లేపబోతే కీచుమంది. ఎక్కడో దూకి బెణికించుకుందేమో అనుకుని గరిటెక్క దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కాళ్లు నిమిరింది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఎక్స్‌రే తీయించింది. మర్నాడు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఎముక తెల్లగా కనబడాలి. చూడండి, నీడలా ఉంది. దెబ్బ కాదక్కా. ఎముకకి కావలసిన కాల్షియం అందలేదు."

"ఎందుకు అందలేదు? నేను దానికి పెట్టినంత మాంసం ఏ కుక్కకీ పెట్టలేదే!"

"మాంసంలో అది ఉండదు. అన్నంలోనూ లేదు. ఎముకల్లో ఉంటుంది. మీరు ఎముకలు ఏరేస్తారు, అది మంచిదే. కానీ ఆ లోటు ఇంకో దాంతో పూడ్చాలి. పెద్ద కుక్కలు కొన్నాళ్లు తట్టుకుంటాయి. ఎదిగే పిల్ల తన ఎముకల్లోంచే తీసుకుని ఖర్చు పెట్టుకుంటుంది."

గరిటెక్క అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుంది. వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టసాగింది.

"ఏంటక్కా?"

"ఇంతకుముందు ఇంకో నాలుగు ఇలాగే కుంటుపడ్డాయి. ఈ తొమ్మిదేళ్లలో. అన్నీ పిల్లలే. గోడ దూకాయన్నారు, బండి తగిలిందన్నారు. ఒకదానికి కాలు విరిగింది, మళ్లీ అతకలేదు. నల్లది. అది నా చేతి తిండి తప్ప ఏమీ ముట్టేది కాదు." మడిచిన వేళ్లు విప్పింది. "గోడ దూకడం ఎవరూ చూడలేదమ్మా. మేమే అనుకున్నాం."

డాక్టరమ్మ ఇంకో పీట లాక్కుని పక్కన కూర్చుంది. బయట ఎవరో నడవ కడుగుతున్నారు, చీపురు చప్పుడు దగ్గరికి వచ్చి మళ్లీ దూరమైంది.

"ఇంకోటి కూడా చెప్పాలి," అంది గరిటెక్క, పైట చెంగుతో ముఖం తుడుచుకుని. "సింగినాదానికి రోజూ మాంసం నీళ్లు పోస్తున్నాను. పుస్తకంలో రాయలేదు. మీరేమో నేను నా వైపు రాసుకోనన్నారు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో, ఇంకేమైనానో. "అయితే నాదీ వినండి. ఆ పిల్ల వచ్చిన రోజే దాన్ని ఈ పోటీలోకి దించకుండా ఉండాల్సింది. ఎదిగే పిల్లకి ఏం కావాలో చదువుకున్నదాన్ని నేను. పట్టించుకోలేదు. ఇక దొరసాని మూడు వారాల నుంచి బరువు తగ్గుతోంది. మీరు రాస్తూనే ఉన్నారు. ముసలితనంలే అని నేను పేజీ తిప్పేస్తూ వచ్చాను. గుళికలు తినలేకపోతోందని ఒప్పుకోబుద్ధి కాలేదు."

"నానబెట్టి చూశాను. రెండు ముద్దలు మింగి వదిలేస్తుంది," అంది గరిటెక్క.

"అది కూడా రాశారా?"

"రాశాను. ఏడో తారీఖు."

డాక్టరమ్మ పుస్తకం తెరిచి ఆ పేజీ చదివింది. ఆ రోజే దొరసాని గిన్నెలోకి మళ్లీ మెత్తగా ఉడికించిన వంట వచ్చింది. బుడంకాయ్ గిన్నెలోకి పిల్లల కోసం చేసిన గుళికలు, గోరువెచ్చటి నీళ్లలో కాస్త నానబెట్టి, తూచి. దాన్ని ఎగరకుండా దూకకుండా చిన్న గదిలో ఉంచారు. గరిటెక్క రోజుకు మూడుసార్లు తనే తినిపించింది. ఇష్టం లేని మనిషి ఇంటికి వెళ్లినట్టుగానే మొదట్లో ఆ సంచి దగ్గరికి వెళ్లేది. మూడో వారం పిల్ల నాలుగు కాళ్ల మీదా సరిగ్గా నిలబడింది. ఇంకో వారానికి ఎక్స్‌రేలో ఎముక అంచు తెల్లగా తేలింది. ఆ ఫిల్ము పట్టుకుని ఆమె మేనేజరు గదికి, అక్కడి నుంచి గేటు దగ్గరి కాపలాదారు దగ్గరికి వెళ్లి అందరికీ చూపించింది. కాపలాదారుకు అందులో ఏమీ అర్థం కాలేదు గాని, బాగుందన్నాడు.

మూడు నెలలు పూర్తయ్యాక ఇద్దరూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. తూచి పెట్టడం మొదలుపెట్టాక ఎడమ వరుస మళ్లీ ఒళ్లు తగ్గింది. విరేచనం గట్టిగా, రోజూ ఒకేలా. చర్మం దురద ఉన్న ఒక కుక్కకు ఆ గుళికల్లో ఏదో పడక దురద పెరిగింది. కుడి వరుస గిన్నెల్లో మెతుకు మిగల్లేదు, నీళ్లు తక్కువ తాగే కుక్కలకు వంటే మేలు చేసింది, కానీ రెండింటికి కడుపు పాడైంది. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా ఉంచిన తిండి వల్లే అని గరిటెక్కే ఒప్పుకుంది. ఎవరూ పూర్తిగా గెలవలేదు. మేనేజరు మాత్రం ఏదో ఒకటి తేల్చి చెప్పమని కూర్చున్నాడు.

"తేల్చడానికేముంది సార్," అంది గరిటెక్క. "పిల్లలకీ, గట్టిగా ఉన్నవాటికీ గుళికలు. ముసలివాటికీ, జబ్బువాటికీ నా వంట. కానీ నా వంటలో ఏం కలపాలో, ఎంత కలపాలో డాక్టరమ్మ కాగితం మీద రాసివ్వాలి. నోటితో చెబితే నేను వినను."

డాక్టరమ్మ తను చదువుకున్న కాలేజీలో ఆహారం గురించి బాగా తెలిసిన ఒక మేడమ్‌తో మాట్లాడి ఆ కాగితం తెప్పించింది. కాల్షియం పొడి ఎంత, కాలేయం ఎంత, చేపనూనె ఎంత, అన్నీ కుక్క బరువును బట్టి. గరిటెక్క దాన్ని వంటగది గోడకు అంటించి, ప్లాస్టిక్ కాగితం కప్పింది. చిటికెడు, గుప్పెడు అనే మాటలు ఆ గదిలో మళ్లీ వినబడలేదు. గుండిగ చిన్నదైంది, పని మాత్రం ఎక్కువైంది.

సింగినాదం సంగతి వేరే. దాని పేరు ఎదురుగా ఇప్పుడు పుస్తకంలో "గుళికలు, మాంసం నీళ్లు రెండు గరిటెలు" అని ఉంటుంది. డాక్టరమ్మ కింద సంతకం కూడా చేసింది.

కుక్కను పెంచుకోవడానికి తీసుకెళ్లేవాళ్లతో మాట్లాడే పని ఆ ఏడాది నుంచి మేనేజరు గరిటెక్కకే అప్పగించాడు. ఒక శనివారం రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ వచ్చింది. ఎత్తయిన గోధుమరంగు కుక్కను చూసి ముచ్చటపడి, సంతకాలు పెట్టాక అడిగింది:

"సంచి తిండి మంచిదా, ఇంట్లో వండింది మంచిదా? ఒకళ్లు ఒకటి చెబుతున్నారు. మీరు వండుతారుగా, మీరు చెప్పండి."

"మీ ఇంట్లో తూకం మిషనుందా?" అని అడిగింది గరిటెక్క.

"లేదు. దేనికీ?"

"ముందు అది కొనుక్కోండి మేడమ్. దీనికి నాలుగేళ్లు. పళ్లు గట్టివి, ఏ జబ్బూ లేదు. ఇప్పటికి గుళికలు చాలు. వండి పెట్టాలని మనసైతే పెట్టండి, కానీ ముందు నాకు ఫోన్ చేయండి. ఊరికే మాంసం, అన్నం కలిపి పెట్టి, బాగా తింటోంది కదా అని మురిసిపోకండి. బాగా తినడం వేరు, సరిపోవడం వేరు. అది నాకు ఆలస్యంగా తెలిసింది."

టీచరమ్మ సంచిలోంచి పెన్ను తీసి ఆమె ఫోన్ నంబరు అడిగి అరచేతి మీదే రాసుకుంది. కుక్క అప్పటికే గేటు వైపు లాగుతోంది. గరిటెక్క తాడు బిగింపు సరిచేసి, దాన్ని ఎలా పట్టుకోవాలో చూపించి, వీధి మలుపు దాకా వాళ్లతో నడిచి వెళ్లింది.