రిజిస్టరులో కొట్టేసిన మాట

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, వేసవిలో, నన్ను పుదుచ్చేరిలోని ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ట్రయాజ్ బల్ల దగ్గర వేశారు. వచ్చిన రోగిని రెండు నిమిషాల్లో చూసి చేతికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీల్లో ఏదో ఒకటి కట్టడం అక్కడ సీనియర్ నర్సు పని. ఎరుపైతే డాక్టరు వెంటనే చూస్తారు, ఆకుపచ్చైతే బెంచీ మీద ఆగాలి. మాది యానాం. పూజ చేయనిదే డ్యూటీకి వెళ్లేదాన్ని కాదు. ఎవరినీ తక్కువగా చూడకుండా నన్ను కాపాడమని రోజూ దండం పెట్టుకునేదాన్ని. దేవుడు నా మొర విన్నాడనే నమ్మకం కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఊరి శివారు మురుంగపాక్కం నుంచి సరోజ అనే ఆవిడ తన భర్త కె. మునిరత్నాన్ని ఆటోలో తీసుకొచ్చింది. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. అతను తూలుతున్నాడు, చొక్కా నిండా వాంతి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఏమైందని అడిగాను.

“తోటలో తణ్ణి తాగినాడు అక్కా. అప్పట్నించీ ఇట్టానే ఉండాడు,” అంది.

ఆ ఊరు వచ్చిన కొత్తలో తమిళంలో తణ్ణి అంటే నీళ్లని నేర్చుకున్నాను. సారానూ అక్కడ తణ్ణి అనే అంటారు. క్యాజువాలిటీలో కొన్నాళ్లు పనిచేశాక ఆ మాటకు నా చెవిలో సారా అనే అర్థం ఒక్కటే మిగిలింది. మా నాన్న తాగి తాగే పోయాడు. తాగినవాళ్లంటే నాకు జాలి అని చెప్పుకునేదాన్ని గానీ లోపల ఉన్నది అసహ్యం. పద్ధతి ప్రకారం టార్చి వేసి కంటిపాపలు చూడాలి, వంగి నోటి వాసన చూడాలి. రెండూ చేయలేదు. ‘మద్యం మత్తు’ అని రిజిస్టరులో రాసి ఆకుపచ్చ పట్టీ కట్టాను. డ్యూటీ డాక్టరు నా రాత చదివి వేరే రోగి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇరవై నిమిషాలకు సరోజ మళ్లీ వచ్చింది, నోట్లోంచి నురగ వస్తోందని. నాకు చిరాకేసింది. తాగొద్దని ఇంట్లోనే గట్టిగా చెప్పుకోవాలని మందలించాను. ఆమె నా వైపు అయోమయంగా చూసింది.

“ఈ ఎండలో తణ్ణి తాగొద్దని ఎట్టా చెప్పేది? మోటరు షెడ్డులో ఏదో సీసాలో ఉంటే తాగినాడు. నీళ్లే అక్కా.”

పరుగెత్తి టార్చి వేశాను. కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయి. ఒళ్లంతా చెమట, నాడి నెమ్మది, గొంతులో గురక. దగ్గరికి వంగగానే పురుగుమందు వాసన కొట్టింది. అడుగున పురుగుమందు మిగిలిన సీసాలో ఎవరో నీళ్లు పోసి పెట్టారని తర్వాత తెలిసింది. ఎర్ర పట్టీ కట్టి డాక్టరును కేకేశాను. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఒకదాని వెంట ఒకటి ఇచ్చాం, ఊపిరికి గొట్టం వేశారు. సిరంజి నింపుతున్నంతసేపూ అతను పోతాడని భయం, నా ఉద్యోగం పోతుందని భయం. వాటిలో ఏది ముందు వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడు రోజులు వెంటిలేటరు మీద ఉన్నాడు. డ్యూటీకి వస్తూనే మంచం ఖాళీ అయిందేమోనని తలుపు దగ్గర నుంచే చూసేదాన్ని. లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలేది కాదు. నాలుగో రోజు గొట్టం తీశారు. సరోజ నా చేతులు పట్టుకుని, “మీరు చూడబట్టే బతికినాడు అక్కా,” అంది. ఆమెకు నిజం చెప్పలేకపోయాను. నర్సింగ్ సూపరింటెండెంటుకు చెప్పి, మెమో తీసుకున్నాను.

మనిషిని చూసి ఏదో ఒకటి తేల్చకుండా ఆ బల్ల దగ్గర గంట కూడా గడవదు. భక్తి నాలోని ఆ గుణాన్ని తీసేయలేదు, అది నాలో లేదని మాత్రం నన్ను నమ్మించింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టార్చి వేశాకే పెన్ను తీశాను. చూసింది రాశాను, అనుకున్నది రాయలేదు.

రిజిస్టరులో తప్పు దిద్దాలంటే తెల్లరంగు పూయకూడదు. పాత మాట కనబడేలా ఒకే గీత గీసి, పక్కన సమయం వేసి సంతకం పెట్టాలి. ఆ రోజు నేనూ అలాగే చేశాను. ‘మద్యం మత్తు’ అన్న నా తీర్పును ఆ గీత కింద ఇప్పటికీ ఎవరైనా చదవవచ్చు.