మా అత్తకు నేను కొన్న గొడ్డలి

మొన్న బుధవారం మధ్యాహ్నం మా అత్త పోయింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు తిని, గిన్నె కడిగి బోర్లించి, "జర నడుము వాలుస్త పిల్లా" అని మంచం మీద ఒరిగింది. చాయ్ పెట్టి లేపితే లేవలేదు. ఎవరినీ పరేషాన్ చేయకుండా పోయింది, పుణ్యాత్మురాలు అని వచ్చినవాళ్ళంతా అంటున్నారు. కోడలివైనా కూతురులా చూసుకున్నావని నన్ను కూడా మెచ్చుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆమెకోసం కొనితెచ్చిన గొడ్డలి గుర్తొచ్చి తల దించుకుంటున్నాను. అది మంచిది కాదని తెలిసే, వెతికి వెతికి కొన్నాను. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా అదే రాయాలనిపించింది.

మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. మా ఆయన గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో మిగిలింది అత్తా కోడళ్ళం. గ్యాస్ పొయ్యి ఉన్నా, స్నానాల నీళ్ళకూ జొన్న రొట్టెలకూ కట్టెల పొయ్యే వెలగాలి. గ్యాస్ మీద కాల్చిన రొట్టె జ్వరమొచ్చినవాళ్ళు తినేదని ఆమె తీర్పు. కట్టెలు కొట్టడం మగవాళ్ళ పని అనుకుంటూ ఈ ఇంట్లో కాలుపెట్టిన నాకు, గోచీ బిగించి పెరట్లో మొద్దు ముందు నిలబడ్డ అత్తను చూస్తే మొదట్లో భయం వేసింది. మొద్దును కాలితో ఇటూ అటూ దొర్లించి, దాని మొహం చూసి, సన్నటి గీత ఎక్కడుందో కనిపెట్టాకే గొడ్డలి ఎత్తేది. "యాడ కొట్టాల్నో కట్టెనే చెప్తది. మనం ఇనాలె" అనేది. గొడ్డలిని ఎవరైనా దాటితే ఊరుకునేది కాదు. దసరానాడు ఇంట్లో అన్నింటికంటే ముందు దానికే పసుపు, కుంకుమ.

పాతది బాగా అరిగిపోయినప్పుడు, కొత్తది కొనడానికి నన్ను అంగడికి వెంటబెట్టుకుని పోయింది. ఒక కమ్మరి గోనెసంచి పరిచి గొడ్డళ్ళు, కొడవళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మా అత్త అతని ముందు కూర్చుందంటే ఇక పొద్దు మళ్ళిందన్నమాటే.

"కొమ్మలు నరికేదానికి సన్నది కావాలె. మొద్దులు పలగ్గొట్టేదానికి బుగ్గలు ఉబ్బి ఉండాలె" అని నాకు చెప్పింది. "సన్నదాన్ని మొద్దు మీద ఏస్తే కరుసుకపోయి కూసుంటది, ఎంత గుంజినా ఎల్లిరాదు. బుగ్గలున్నదైతే కట్టెను రెండు దిక్కులా నూకుతది."

కామ, అంటే కర్ర పిడి, ఇంకా తొడగని గొడ్డలిని వేలికి వేలాడదీసి రాయితో కొట్టింది. ఖంగుమంటే పక్కన పెట్టింది, బొంగురుగా మోగితే వెనక్కి తోసింది. లోపల పగులుంటే ఎంత సానబట్టినా చప్పుడు దాగదట. తర్వాత కామ దిగే కన్నులోంచి ఆకాశంలోకి ఒంటికంటితో చూసింది. పదును ఆ కన్నుకు సూటిగా ఉండాలి, వంకర ఉంటే దెబ్బ పక్కకు పోతుంది. కామలో చారలు ఈ చివర నుంచి ఆ చివరదాకా పారాలి, నడుమ కణుపు ఉండకూడదు. పక్క దుకాణంలో ఎర్రరంగు వేసిన కామలు తళతళలాడుతుంటే నేను అటు చూశాను. మా అత్త నా మొహం ఇటు తిప్పింది.

"రంగేసినోడు ఏదో దాసిపెడ్తడు బిడ్డా" అంది.

చివరికి ఒకటి ఎంచి, చెయ్యి చాపి పట్టుకుని బరువు చూసింది. "దీని బరువు ఇది పనిజెయ్యాలె. మన చేతులు తొవ్వ సూపుతే సాలు."

కమ్మరికి ఓపిక నశించింది. "ఏమవ్వా, అల్లున్ని ఏరుకున్నట్టు ఏరుతున్నవ్" అన్నాడు.

"అల్లుడు సెడ్డోడైతే బిడ్డ ఇంటికి తిరిగొస్తది. గొడ్డలి సెడ్డదైతే కాలు తిరిగొస్తదా?" అంది మా అత్త. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

తిరుగు బస్సులో గొడ్డలిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నిన్నుగూడ గట్లనే ఏరుకున్న పిల్లా. నిన్ను పెండ్లికి సూడవోయిననాడు ఏదో అంటే నవ్వినవ్. ఖంగుమన్నది. గీ పిల్ల లోపల పగులు లేదనుకున్న" అంది. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇప్పుడా మాట తలుచుకోవడానికే మొహం చెల్లడం లేదు.

పోయిన వానకాలంలో ఈదురుగాలికి గట్టు మీది తుమ్మ పడిపోయింది. దాని మొదలు నరికించి పెరట్లో వేయించాము. అప్పటికే అత్తకు చూపు తగ్గింది, చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. అయినా వింటేగా. సగం చీలిన మొద్దు మీద వేసిన దెబ్బ జారి ఆమె చెప్పు ముందరి భాగాన్ని కోసేసింది. వేలికి వెంట్రుకవాసిలో తప్పింది. నేను కేక వేస్తే ఆమె చెప్పును చూసి నవ్వింది. "చెప్పు పాయె, కాలు మిగిలింది. ఫికర్ జేయకు."

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్లో చెప్పాను. మండిపడ్డాడు. "నువ్వు ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవే? అవ్వకేమన్నయితే ఊరంత నిన్నే అంటరు" అన్నాడు. మర్నాడు ఆమె పొలానికి పోయినప్పుడు గొడ్డలిని ఖాళీగా ఉన్న వడ్ల గుమ్మిలో పడేసి పైన పాత సంచులు కప్పాను. ఎవరో అడిగి తీసుకుపోయి తేలేదని అత్తకు చెప్పాను.

ఆమె కాలికోసం భయపడ్డానా, నాకు రాబోయే మాటకు భయపడ్డానా? అప్పుడైతే ఆమె కాలికోసమే అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను.

"ఎవలు వట్టుకపోయిన్రు?" అని ఆమె ఒకే ఒక్కసారి అడిగింది. గుర్తులేదన్నాను. నా మొహంలోకి చూసింది. కొన్నాళ్ళకు తనే అంది: "అంగడిదాంక నేను పోలేను. నువ్వే వోయి ఇంకోటి తే పిల్లా. ఎట్ల సూడాల్నో నీకు ఎరుకే గదా." అన్నేళ్ళలో గొడ్డలి ఎంచే పని ఆమె ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదలు.

నేను అంగడికి పోయాను. కమ్మరి దగ్గర ఆగలేదు. రంగు కామలున్న దుకాణానికే పోయాను. ఆమె నేర్పినవన్నీ ఒక్కొక్కటే చూశాను, తలకిందులుగా. తేలికగా ఉన్నదాన్ని, బుగ్గలు లేని పల్చటిదాన్ని, కొడితే బొంగురుగా మోగేదాన్ని ఏరాను. కామ మీది ఎర్రరంగును గోటితో గీకితే నడుమ ఇంత కణుపు కనబడింది. అదే కట్టించుకున్నాను. రెండు దెబ్బలకు విసుగొచ్చి మానేస్తుంది, నేను వద్దన్నట్టూ ఉండదు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. పైకెత్తి చూడలేదు, రాయితో కొట్టలేదు. నేను గోటితో గీకినచోట బొటనవేలు పెట్టి నిమిరింది.

"మంచిగనే ఏరినవ్ బిడ్డా" అంది.

తీసుకుపోయి తలుపు వెనక ఆనించింది. మళ్ళీ దాన్ని ముట్టలేదు. ఆ తర్వాత నీళ్ళకు పత్తికట్టె విరుచుకునేది. పొయ్యి ముందు కూర్చుని ఒక్కో పుల్లను మోకాలికి ఆనించి ఫట్టుమనిపించేది. పత్తికట్టె మంట ఎంతసేపుంటుంది, భగ్గుమని ఆరిపోతుంది. నీళ్ళు నులివెచ్చగా ఉన్నప్పుడే చాలు చాలు అనేది. పెరట్లోకి పోవడం తగ్గించింది. సగం చీలిన తుమ్మ మొద్దు ఎండకు ఎండి, అక్కడే పడి ఉంది. 'చూశావా, మానేసింది, కాలు క్షేమం' అని మా ఆయనకు చెప్పాను. శభాష్ అన్నాడు.

మా దగ్గర మనిషి పోతే వాడకట్టులో ఇంటికో కట్టె పంపుతారు. పోయినవాళ్ళ ఇంటి కట్టెను చితిలో ముందు పేర్చాలి. మా ఇంటి కట్టె ఆ తుమ్మ మొద్దే. మా చిన్నమామ కొడుకు, నాకు మరిది, దాన్ని చీల్చడానికి పెరట్లోకి వచ్చి గొడ్డలి అడిగాడు. తలుపు వెనకది ఎవరో అందించారు. మొదటి దెబ్బకే అది మొద్దును కరుచుకుని కూర్చుంది. గుంజి గుంజి తీసి రెండో దెబ్బ వేశాడు. కామ కణుపు దగ్గర ఫటేలుమని విరిగింది. ఇనుము ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది.

కణుపున్న కామ పని చేయదని మాత్రమే అనుకున్నాను. విరిగి మనిషి మీదికి వస్తుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. అది మా అత్త చేతిలో విరగాల్సింది. ఆమెకు ఆ సంగతి తెలుసు కాబట్టి ముట్టలేదు. నేను తెచ్చాను కాబట్టి పారేయలేదు.

"ఎవలు కొన్నరు వదినా గీ దిక్కుమాలిన దాన్ని?" అన్నాడు మరిది, చెమట తుడుచుకుంటూ.

నేను లోపలికి పోయాను. గుమ్మిలోకి వంగి సంచులు తీశాను. ఇన్ని నెలలకు తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. గొడ్డలి నేను పడేసినట్టు లేదు. అత్త పాత చీర ముక్కలో చుట్టి ఉంది. విప్పితే పదును మీద నువ్వుల నూనె ఇంకా తడిగా వేలికి అంటింది. కామ కూడా నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది. నేను దాచిన చోటు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. నేను ఇంట్లో లేని పూటల్లో వచ్చి, అంత లోతు గుమ్మిలోకి వంగి తీసి, నూనె రాసి, మళ్ళీ నేను కప్పినట్టే సంచులు కప్పి పెట్టింది. కావాలంటే ఏ రోజైనా తీసి కట్టెలు కొట్టుకోగలిగేది. అప్పుడు నా అబద్ధం బయటపడుతుంది. అందుకని ఆమె పత్తికట్టె విరుచుకుంది.

మరిది దాన్ని అందుకుని, పదును చూసి, "గిదీ గొడ్డలంటే" అన్నాడు. గోటితో మీటితే ఖంగుమంది. ఒక్క దెబ్బకు మొద్దు రెండుగా విచ్చుకుంది. లోపల ఎర్రగా, ఇప్పుడే నరికినట్టుంది.

దహనమయ్యాక అందరూ తిరిగి వచ్చారు. వాళ్ళ స్నానాలకు పెరట్లో నీళ్ళు పెట్టాను. పొయ్యిలోకి చేతికందిన పుల్లలన్నీ తోశాను, ఆ విరిగిన కామ కూడా. ఎర్రరంగు బుడగలు కట్టి, నల్లబడి, పొరలు పొరలుగా రాలింది. కింద నుంచి కణుపు బయటపడింది. మిగతా కట్టె కాలిపోయినా అది మాత్రం నిప్పు కన్నులా నా వైపే చూస్తూ చాలాసేపు ఉంది. నీళ్ళు సలసల కాగుతున్నాయని ఎవరో పిలిచేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.