ముందరికాళ్లకు బంధం

మొన్న మా మనవడు ఒక పాత జీపును తెచ్చి వాకిట్లో నిలబెట్టి దాని చుట్టూ నాతో ప్రదక్షిణం చేయించాడు. ఎవరో మూలన పడేసిన బండిని కొని బెంగళూరులో బాగు చేయించాడట. బాగు అన్నది వాడి మాట. నేలకు ఆనించినట్టు కిందికి దించాడు. చక్రాలు పక్కలకు పొడుచుకొచ్చాయి. స్టార్టు చేస్తే పక్కింటి పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. మలుపుల్లో రోడ్డుకు అతుక్కుని పోతుందవ్వా అని మురిసిపోయాడు. పోనీలే, వాడి సరదా వాడిది అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ముందు చక్రాలకు ఇంజను బలం అందించే ఏర్పాటు తీసేయించాననీ, టౌన్లో తిరిగే బండికి అది ఊరికే బరువనీ కూడా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. చేతిలో కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. అవ్వకు ఏమైందని వాడు వాళ్లమ్మను అడగడం వినపడుతూనే ఉంది. ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఏమైందో చెప్పాలంటే మా అత్త దగ్గర మొదలుపెట్టాలి.

అత్త అంటే మా నాయనకు అక్క. భర్త పోయాక పుట్టింటికి, అంటే గిద్దలూరులో మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి రాష్ట్రం కొత్త, మాది ఇంకా కర్నూలు జిల్లాయే. మా నాయనకు నూనెల దుకాణం. ఇంట్లో ఆయన, అమ్మ, జేజి అని మేము పిలిచే నాయనమ్మ, ఇంకా పెళ్లి కాని చిన్నాయన. ఇందరిలో నాకు అత్తే కావాలి. గానుగపిండి వాసన వేసే గదిలో ఆమె పక్కన పడుకుంటే, ఆమె బోసిచేతులు నా జుట్టులో పేలు వెతుకుతూ ఉండేవి, నోరు లోకంలో ఉన్న మగవాళ్లందరినీ వరసగా తిడుతూ ఉండేది. ఆ తిట్లు వింటూ నిద్రపోయేదాన్ని. నా నోటికి ఈ పదును ఎక్కడిదని మా ఆయన బతికున్నన్నాళ్లూ అడిగేవాడు. అక్కడిదే.

అత్తకు రాచర్ల అవతల ఒక ఊళ్లో భర్త భాగం చేను ఉంది. ఊరి పేరు చెప్పను, భర్త వైపువాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. భర్త పోయిన ఆడదానికి ఆస్తిలో సొంత హక్కు ఉంటుందని కొత్తగా చట్టం వచ్చిందని ఒక ప్లీడరు నాయనకు చెబితే, నాయన పోయి అత్త మరిదికి చెప్పాడు. ఆ మరిది చుట్ట కాలుస్తూ తాపీగా విని, “చట్టం కర్నూల్లో ఉండాది. కళ్లం నా ఊర్లో ఉండాది” అన్నాడట. అతని ధీమాకు కారణం లేకపోలేదు. ఆ ఊరి కట్టుబాటు ప్రకారం కొర్రలు నూర్చి, తూర్పారబట్టి, కుప్ప పోసి కొలిచేటప్పుడు భాగస్తులు కళ్లంలో నిలబడాలి. నిలబడనివాళ్ల గింజ నిలబడ్డవాళ్లది. కొన్నేళ్లు వరసగా రాకపోతే చేను కూడా పోయినట్టే. ఊరికీ మాకూ మధ్య వాగు. కొర్ర కోతలేమో వానల కాలంలో. మా మీద ఎండ కాస్తున్నా నల్లమలలో వాన పడితే చాలు, వాగు వచ్చేస్తుంది. ఎద్దులబండి దిగితే ఇసుకలో కూరుకుపోయేది. ఆ మరిది సరిగ్గా వాగు వచ్చిన పూట చూసుకుని కొలత పెట్టుకునేవాడు.

అందుకే మా ఇంటికి జీపు వచ్చింది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి, స్టీరింగు ఎడమచేతి వైపు. వేసుకునే రాత లేని నగలు పెట్టెలో ఎందుకని అత్తే తీసి నాయన చేతికిచ్చింది. చిన్నాయన నంద్యాల పోయి డ్రైవింగు నేర్చుకున్నాడు. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న గేరు ఉండేది. అది వేస్తే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా బండిని లాగుతాయి. మొదటిసారి వాగులో దిగిన రోజు నేనూ ఉన్నాను. నీళ్లు కాళ్ల కిందికి వచ్చాయి. వెనక చక్రాలు ఇసుకలో జారుతుంటే చిన్నాయన చిన్న గేరు వేశాడు. బండి ఒక్క గుంజు గుంజి, ముక్కుతూ మూలుగుతూ అవతలి గట్టెక్కింది. “ముందరికాళ్లు ఊనింది రా” అంది అత్త, ఎద్దును మెచ్చుకున్నట్టు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ చిన్న గేరు పేరు ముందరికాళ్లే. కళ్లం మధ్యలో జీపు ఆగి, అందులోంచి మా అత్త దిగేసరికి మరిది నోట్లో చుట్ట ఆరిపోయింది. ఆమె భాగం కొలిచి ఇచ్చాడు. మరుసటేడూ అంతే. కళ్లంలో కూలికి పోయే చర్చివీధి ఆమె ఒకతి కొలత ఎప్పుడో ముందుగా సంతలో అత్త చెవిన వేసేది, మేము బయల్దేరేవాళ్లం.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం ఆ మరిది. మూడో ఏడు వానలకు ముందు పళ్లికిలిస్తూ మా ఇంటికొచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. “బామ్మర్దీ, ఈ బండికి అన్నీ ఉండాయి, షోకు ఒకటే తక్కువ. కిందికి దించితివా, ఘాట్‌లో కార్లు కూడా నీ ఎనకే” అన్నాడు చిన్నాయనతో. తర్వాత నంద్యాల నుంచి కారు టైర్లు కూడా తెప్పించి కానుకగా పంపించాడు. వాడు ఊరికే ఏదీ ఇవ్వడని అత్త లోపలి నుంచి అంటూనే ఉంది. ఎవరు విన్నారు? చిన్నాయన అప్పటికే నేల మీద లేడు. నంద్యాల ఘాట్ రోడ్డులో ఒక బస్సుల ఓనరు కొడుకు ప్రతిసారీ తన కారులో ఈయన్ని దాటిపోయి, మలుపు దగ్గర వెనక్కి చూసి నవ్వేవాడట. ఆ నవ్వు ఆయనకు అన్నం సహించనివ్వలేదు.

బండిని నంద్యాలలో ఒక మిస్త్రీకి అప్పజెప్పాడు. కింద స్ప్రింగులుగా ఉండే కమాను కట్టల్లో కొన్ని పట్టీలు తీయించి బండిని కిందికి కూర్చోబెట్టించాడు. చక్రాల రిమ్ములు తిరగేయించి వెడల్పు చేయించాడు. గాట్లు గాట్లుగా ఉండే మిలిటరీ టైర్లు పోయి నున్నటి కారు టైర్లు వచ్చాయి. పైన గుడ్డ టాపు పోయింది, సైలెన్సరు పోయింది. చివరికి ఇంజను బలాన్ని ముందు చక్రాలకు అందించే ఇనుప కడ్డీ కూడా బరువు దండగని ఊడదీయించి ఇంటికి తెచ్చి పెరట్లో పడేశాడు. జేజి దాన్ని రెండు గుంజల మధ్య కట్టించి తడిబట్టలు ఆరేసుకుంది. అదేంది రా అని అత్త అడిగితే, పాత ఇనుమక్కా అని చెప్పాడు. ఆ కడ్డీ మీద అత్త తెల్లచీరే ఆరుతూ ఉండేది. ఇప్పటికీ అది తలుచుకుంటే నా పళ్లు పటపటమంటాయి.

నిజం ఒప్పుకోవాలి, బండి మాత్రం అద్భుతంగా తిరిగేది. ఒకసారి నన్ను ఘాట్ ఎక్కించాడు. ఇంతకుముందు మలుపు తిరిగితే ఇటువాళ్లం అటు పడేవాళ్లం. ఇప్పుడు కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉంది. అడవి పచ్చగా పక్కనుంచి జారిపోతోంది, ఎదురుగాలికి కళ్లలో నీళ్లు. బస్సుల ఓనరు కొడుకును దాటిన రోజు చిన్నాయన ఊరందరికీ మిఠాయి పంచాడు. మగపిల్లోడు, ఆమాత్రం సరదా ఉండాలని జేజి దిష్టి తీసింది. వాగు సంగతేమిటని నాయన నెమ్మదిగా అడిగాడు. డ్రైవింగులో ఉందన్నా అంతా, నేను దాటిస్తాగా అన్నాడు చిన్నాయన. నాయన మళ్లీ అడగలేదు. మా ఇంట్లో మగవాళ్లు ఒకరినొకరు రెండోసారి అడిగే అలవాటు లేదు.

ఆ ఏడు కూడా చర్చివీధి ఆమె కబురు చెప్పింది. పొద్దున్నే అత్త, చిన్నాయన, నేను బయల్దేరాం. వాగు ఎర్రగా వస్తోంది, మరీ ఎక్కువేం కాదు. అంతకుముందు అంతకన్నా ఎక్కువలోనే దాటాం. అవతలి గట్టు మీద కళ్లం కనపడుతోంది, కొర్రల కుప్ప పచ్చగా మెరుస్తోంది. చిన్నాయన జోరుగా దించాడు. సగంలో వెనక చక్రాలు జారాయి. నున్నటి టైర్లు ఇసుకను తవ్వి తమ గుంట తామే తీసుకున్నాయి. ముందు చక్రాలు మాత్రం తమకేం పట్టనట్టు నీళ్లలో నిలబడ్డాయి. కిందికి దించిన బండి కదా, నీళ్లు ఒడిలోకి వచ్చేశాయి.

“ముందరికాళ్లు ఎయ్యి రా” అంది అత్త.

చిన్నాయన స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. ఆమె మళ్లీ అంది.

“అది లేదక్కా. తీపిచ్చినా” అన్నాడు.

అత్త ఆ చిన్న గేరు వైపు చూసింది. “బట్టలారేసే కడ్డీనా?” అని అడిగింది. ఆయన తలకాయ ఊపాడు. అప్పుడే ఇంజను ఆగిపోయింది. అవతలి గట్టు మీద మరిది గొడుగు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. “నీళ్లు తగ్గినాక నిదానంగా రా వదినా, తొందరేముంది” అని కేకేసి, వెనక్కి తిరిగి మనుషులకు కొలతకు కుంచాలు అందుకోమని సైగ చేశాడు.

అత్త నన్ను సీటు మీద నిలబెట్టి కదలొద్దని చెప్పి, చీర నడుముకు బిగించి వాగులో దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. పడిపోతుందని నేను ఏడుస్తున్నాను, చిన్నాయన అక్కా అక్కా అంటున్నాడే కానీ దిగలేదు. ఆమె తడబడుతూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ గట్టెక్కేసరికి కొలత అయిపోయింది, బస్తాలు బండికెక్కాయి. కళ్లంలో పొట్టు మిగిలింది. తడిచీరతో ఆమె ఆ పొట్టు మీద కూర్చోవడం నేను జీపులో నిలబడే చూశాను.

సాయంత్రానికి వాగు తగ్గింది. ఎవరో ఎద్దులు కట్టి జీపును ఇవతలికి లాగారు. చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని నడిచి కళ్లానికి వెళ్లి, ఇంటికి పోదాం రా అక్కా అని బతిమాలాడు. అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“వాడు పగోడు, వాడి పని వాడు చేసినాడు. నువ్వేంది రా?” అంది.

అంతే. ఆమె ఇంటికి రాలేదు. చర్చివీధి ఆమె, ఇంకో నలుగురు కలిసి చేను గట్టు మీద కొట్టం వేసిచ్చారు. మరుసటేడు కొడవలి పట్టకముందే అత్త చేలో ఉంది. ఆ తర్వాత ఏ ఏడూ ఆమె గింజ ఒక్కటి పోలేదు, చేను ఆమె చేతిలోనే నిలిచింది. ఊళ్లో అందరూ ఆమె పట్టుదల గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లు. నాకు ఆ గొప్ప అక్కర్లేదు. నాకు రాత్రిళ్లు గానుగపిండి గదిలో పక్కన మనిషి లేదు. చిన్నాయన చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ కడ్డీ తీసుకుపోయి మళ్లీ బిగించాడు, పాత టైర్లు వేయించాడు. వాగు దాటి కొట్టం ముందు నిలబడి హారను కొట్టేవాడు. ఆమె మజ్జిగ పంపేది కానీ జీపు ఎక్కేది కాదు. జేజి బట్టలు ఆరేసుకోవడానికి ఇంకో కడ్డీ చూసుకుంది. నా పెళ్లికి కూడా అత్త రాలేదు, కోతల రోజులు. ఒక మూట కొర్రలు పంపించింది. పీటల మీద కూర్చుని ఆ మూటను చూసి ఏడిస్తే, పుట్టిల్లు వదిలిపోతున్నానని ఏడుస్తోందనుకున్నారు అందరూ.

మరిది మీద నాకు కోపం ఎప్పుడో చల్లారింది. అతను తీసుకుంది ఒక ఏడాది గింజ. మా అత్తను నా దగ్గర్నుంచి తీసుకున్నది చిన్నాయన, అదీ ఎవడో బండికి షోకు తక్కువన్నందుకు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. చెప్పడానికేం, చెబుతారు.

ఇదంతా నేను వాళ్లమ్మతో చెబుతుంటే తలుపవతల నుంచి మనవడు విన్నట్టున్నాడు. మర్నాడు మెల్లగా వచ్చి, ఆ వాగు చూపించవ్వా అన్నాడు. కోపం పోయిందని కాదు, చూడాలనిపించి ఎక్కాను. రాచర్ల దాటాం. నేను వాగు కోసం ముందుకు వంగి కూర్చున్నాను. ఎర్రనీళ్లు, ఇసుక, గట్టు, ఏదో ఒకటి గుర్తుపట్టాలని. గాలికి కొంగు ఎగురుతుంటే సర్దుకుని తలెత్తేసరికి, ఏదో సిమెంటు గోడ పక్కనుంచి జారిపోయింది.

“ఏదవ్వా నీ వాగు?” అన్నాడు వాడు.

“దాటేసినాం పోరా” అన్నాను.

వంతెన వేశారని విన్నానే కానీ అప్పటిదాకా చూడలేదు. మా అత్త నడుము లోతు నీళ్లలో దాటి మళ్లీ ఇవతలికి రాని వాగును, ముందరికాళ్లు లేని బండిలో రెప్పపాటులో దాటేశాం. ఇంత సులువుగా దాటించే కాలం ఆ రోజు ఎక్కడ చచ్చిందని, దాని మీద కూడా కోపం వచ్చింది నాకు.