యమునాబాయి జెయింట్ వీల్ ఎక్కిన రోజు

మా అత్త యమునాబాయికి యాభై ఎనిమిదేళ్ళు. పుట్టింది సోలాపూర్ భవాని పేట్‌లో, కాపురానికి వచ్చింది అదే పేటలో రెండు గల్లీల అవతలికి. ఊహ తెలిసినప్పటినుంచి ఏటా సిద్ధేశ్వర జాతరకు వెళ్తూనే ఉంది. జెయింట్ వీల్ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. భయమా అంటే కాదు. దాని దగ్గరికి చేరేసరికి ఎవరో ఒకరు ఒక పిల్లను తెచ్చి ఆమె చంకన వేసి, ఒక్క నిమిషం పట్టుకో అనేవాళ్ళు. మొదట తమ్ముళ్ళు, తర్వాత ఆడబిడ్డల పిల్లలు, ఆ తర్వాత సొంత పిల్లలు. ఆ ఒక్క నిమిషం యాభై ఏళ్ళు నడిచింది.

ఈ సంగతి ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. ఒళ్ళో చాట పెట్టుకుని, బీడీకి దారం చుడుతూ, ఇంట్లో కందిపప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

పూణే దారిలో ఉన్న పెద్ద థీమ్ పార్కుకు పోదామని మా ఆయన వీరేష్ అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. కావ్యకు మూడేళ్ళు. కవలలు తుషార్, మయూరికి పది నెలలు. ఇంతమందిని వేసుకుని ఎక్కడికి పోతామని అడిగాను. అమ్మ ఉంది కదా, పట్టుకుంటుంది అన్నాడు. అత్త చాట పక్కన పెట్టి, "నేను గుడ రాట్నం ఎక్కుత," అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆ రోజు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గేటు దగ్గర సంచులు వెతికి మా జొన్న రొట్టెలు, పల్లీల శేంగా చట్నీ బయట పెట్టించారు. పిల్లల కోసం తెచ్చిన చద్దరు దుప్పటి తినే వస్తువు కాదు కాబట్టి దాన్ని వదిలేశారు. లోపల ప్రతి ఆటకూ ఒక కొలత కర్ర ఉంది. కావ్య ప్రతి కర్రకూ నాలుగు వేళ్ళు తక్కువైంది. మా ఆయన అన్నిటికీ సరిపోయాడు, ఇక సాయంత్రం దాకా మాకు కనబడలేదు.

పసిపిల్లల కోసం ఒక ప్రత్యేక గది ఉంది. ఏసీ, పరదాలు, గోడనిండా కుందేళ్ళు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మా ఇంట్లో కింద నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పొద్దస్తమానం దడదడలాడుతుంటాయి, పైన మేముండే గది నేల వణుకుతూ ఉంటుంది. మా పిల్లలు ఆ చప్పుడులోనే కళ్ళు మూస్తారు. కరెంటు పోయి మగ్గాలు ఆగాయంటే చాలు, ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంటారు. మా గల్లీలో ఏ ఇంటి పిల్లలైనా అంతే. అంచేత ఆ గదిలో కవలలు నిద్రపోలేదు. అక్కడుండే ఆమె నోటిమీద వేలు పెట్టుకుని చూపించింది. వీళ్ళు ఆమెను చూసి ఇంకా గట్టిగా ఏడ్చారు.

అత్త ఇద్దరినీ రెండు చంకల్లో వేసుకుని బయటికి వచ్చి, తల వంచి ఏదో విన్నది. వింటూ వింటూ నేరుగా జెయింట్ వీల్ దగ్గరికి నడిచింది. దాని కింద రేకుల షెడ్డులో మోటారు గడగడమంటోంది. షెడ్డు ముందరి రెండు ఇనుప స్తంభాలకు చద్దరుతో ఉయ్యాల కట్టి, ముడిని తన బరువంతా వేసి లాగి చూసుకుంది. ఇద్దరినీ ఒకరి కాళ్ళ వైపు ఒకరి తల వచ్చేలా పడుకోబెట్టింది. నేను కావ్య ముక్కు తుడిచేలోపల ఇద్దరూ నిద్రపోయారు.

వీల్ నడిపే ఆయన వచ్చి, ఇక్కడ ఇవన్నీ కట్టకూడదన్నాడు. నీ మోటారు బెల్టు వదులైంది, చప్పుడు వింటే తెలియడం లేదా అని అత్త మరాఠీలో అడిగింది. ఆయన లోపలికి వెళ్ళి చూసుకుని వచ్చాడు. ఉయ్యాల మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు అత్త ఉయ్యాల అంచు నా చేతిలో పెట్టింది.

"సారికా, ఒక్క నిమిషం పట్టుకో."

కొంగు నడుముకు దోపుకుని వెళ్ళి వీల్ డబ్బాలో కూర్చుంది. మొదటి చుట్టులో కిందికి వచ్చినప్పుడు మా వైపు చూడనేలేదు. రెండో చుట్టులోనూ చూడలేదు. మూడోసారి సరిగ్గా పైకి చేరిందో లేదో, కరెంటు పోయింది.

మోటారు ఆగింది. ఉయ్యాలలో నాలుగు కళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఇక చెప్పేదేముంది. ఒకరిని ఎత్తుకుంటే ఇంకొకరు, ఇద్దరినీ ఎత్తుకుంటే కాళ్ళ దగ్గర కావ్య. జనరేటర్ పది నిమిషాల్లో మొదలవుతుందన్నారు, అరగంట పట్టింది. నేను తల పైకెత్తి అత్తమ్మా అని అరిచాను. మూడో ఇంట్లో పిల్ల ఏడ్చినా చాట దించి లేచే మనిషి ఆమె. ఒకసారి కిందికి తొంగి చూసింది. తర్వాత ముఖం అటు తిప్పుకుని, దూరంగా కనబడే చెరకు తోటలు చూస్తూ కూర్చుంది. నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు.

జనరేటర్ అందుకుంది. మోటారు గడగడమంది. కవలలు ఏడుపు సగంలోనే ఆపి నా భుజాల మీద నిద్రపోయారు. అత్త దిగి వచ్చింది.

"ఏడ్పు వినరాలేదా అత్తమ్మా?"

ఆమె తీరిగ్గా కుచ్చిళ్ళు సర్దుకుంది.

"వినొచ్చింది. మంచిగనే వినొచ్చింది. యాభై ఏండ్ల సంది పోరలు ఏడిస్తే లేసిన సారికా. ఇయ్యాల లేద్దమన్నా లేవరాదాయె. పాణం నిమ్మళమైంది."

పిల్లలను ఆమెకు అందించబోయిన దాన్ని ఆగిపోయాను. వంగి ఇద్దరినీ ఉయ్యాలలో వేశాను, అంచు నేనే పట్టుకున్నాను.

"ఇంకోసారి ఎక్కు అత్తమ్మా," అన్నాను.

ఆమె వద్దనలేదు. వెళ్ళి మళ్ళీ కూర్చుంది.